పొట్లాల్లో పోయిన కథ

దుర్గాంబ పొద్దున్నే లేచి మొదట చేసే పని అనుమానించడం. పళ్ళు తోముకోవడం ఆ తర్వాత. పాలు పోసే మనిషి చెంబు దించగానే లోపలికి తొంగిచూస్తుంది. పిల్లి పడుకున్న చోట లేకపోతే, ఎక్కడికి పోయి ఏం తిని వచ్చిందోనని దాని మూతి చూస్తుంది. మార్కాపురం బజారులో ఆమె భర్త వీరరాఘవయ్యకు కిరాణా దుకాణం ఉంది. ఇన్నేళ్ళలో ఆ దుకాణం నుంచి ఒక్క ఎండుమిరపకాయ కూడా దారి తప్పలేదంటే అది తన చలవేనని ఆమె నమ్మకం. అది అబద్ధమనడానికి కూడా వీల్లేదు.

ఆ రోజూ మామూలుగానే తెల్లవారింది. కాఫీలయ్యాక కోడలు కనకమ్మ వసారాలో చాప పరుచుకుని కూర్చుంది. ఒక పక్క చెరిగిన జీలకర్ర, మిరియాలు, ఆవాలు. ఇంకో పక్క పాత కాగితాల దొంతర. దుకాణంలో చిల్లరగా అమ్మే పొట్లాలన్నీ ఇంట్లో ఆడవాళ్ళే కట్టి పంపాలి. ఇంట్లోకి వచ్చిన ప్రతి కాగితమూ పొట్లమై బయటికి పోవాలన్నది దుర్గాంబ పెట్టిన కట్టడి.

ఆ కాగితాలు కర్నూలు నుంచి వచ్చాయి. కిందటేడు రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు పోయింది. దాంతో పాటే ఆఫీసర్లూ గుమాస్తాలూ పెట్టేబేడా సర్దుకున్నారు. పోతూ పోతూ పాత పుస్తకాలు తూకానికి అమ్మేశారు. వీరరాఘవయ్య బేరమాడి ఆ కట్టలు రైల్లో తెప్పించుకున్నాడు. వాటిలో ఎవరి పిల్లలో చదివి పడేసిన నవలలు కూడా ఉన్నాయి, అట్టలు ఊడిపోయి. సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చుని కుట్లు తెంపి పుటలు విడదీసేవాడు. ఏ పుట ఎందులో కలిసిందో ఆయనకు పట్టలేదు. పొట్లానికి అన్నీ ఒకటే కదా.

"ఏందే ఇది?" అంది దుర్గాంబ, కోడలి ముందున్న బుట్టలోంచి ఒక పొట్లం తీసి.

"ఏది అత్తా?"

"దీనికి చెవెందుకు మడిచినావు?"

కనకమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఊరికేనత్తా. కాగితం కొంచెం పెద్దదయింది."

"పక్కది కూడా అంతే ఉంది. దానికి లేదే చెవి?"

"చెయ్యి అట్ల తిరిగింది."

చెయ్యి అట్లా ఎందుకు తిరుగుతుందో దుర్గాంబకు తెలుసు. ఆమె పుట్టిల్లు కంభం. చిన్నప్పుడు వాళ్ళ నాయన దుకాణంలో ఒక గుమాస్తా ఉండేవాడు. తన వాళ్ళ కోసం తూకం ఎక్కువేసి, ఆ పొట్లానికి కొస దగ్గర చెవి మడిచి పక్కన పెట్టేవాడు. మనిషి రాగానే చూసి చూసి అదే అందించేవాడు. పెద్దవాళ్ళెవరికీ అంతుపట్టని ఆ గుట్టును బయటపెట్టింది పరికిణీ కట్టుకున్న దుర్గాంబ. ఆనాడు వాళ్ళ నాయన తల నిమిరి మెచ్చుకున్న సంగతి ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

కోడలు నీళ్ళకు వెళ్ళగానే ఆమె త్రాసు దించింది. చెవి ఉన్న పొట్లం ఒక తట్టలో, లేని పొట్లం ఇంకో తట్టలో వేసింది. ముల్లు నడిమధ్య నిలబడింది. తూకం సరిగ్గా ఉంది. దుర్గాంబకు అసలు అనుమానం అప్పుడే మొదలైంది. ఎక్కువ తూగి ఉంటే మామూలు దొంగతనమని సర్దుకుపోయేది. పైసా లాభం లేకుండా మనిషి గుర్తు ఎందుకు పెడుతుంది?

సంత రోజున శేషమ్మ వచ్చింది. ఆమె ఊరవతల గొల్లల ఇళ్ళ నుంచి వారం వారం నెయ్యి తెచ్చి, పెరటి గుమ్మం దగ్గరే పోసి, బదులుగా పొట్లాలు పట్టుకుపోయే మనిషి. దుర్గాంబ వంటింటి తలుపు వెనక నిలబడి చూసింది. కనకమ్మ బుట్ట అడుగు నుంచి చెవి పొట్లాలు మాత్రమే ఏరి శేషమ్మ ఒళ్ళో వేసింది. శేషమ్మ అటూ ఇటూ చూసి, కొంగుముడి విప్పి, మడతలు పెట్టిన కాగితాలు కొన్ని కనకమ్మ చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ గుమ్మంలో చతికిలబడి గుసగుసలు మొదలుపెట్టారు.

"ఒక్కతే పోతాదా, సీకట్లో?" అంది శేషమ్మ, బుగ్గ మీద చెయ్యేసుకుని.

"పోతుంది. భయం లేదు ఆ పిల్లకు."

"ఇంట్లో వాళ్ళకు తెలిస్తేనో?"

"తెలియనీయదు. అమావాస్య నాడే పోతుంది."

దుర్గాంబ తలుపు సందుకు ఇంకా దగ్గరగా జరిగింది. కోడలి మొహం చూసింది. ఆ మొహం మామూలుగా లేదు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళు దాటింది కానీ, ఆ పిల్ల కళ్ళు అట్లా మెరవడం దుర్గాంబ ఒక్కనాడూ చూడలేదు. పండక్కి చీర పెట్టినప్పుడు కూడా లేదు ఆ మెరుపు.

కనకమ్మ నూతి దగ్గర బట్టలు ఉతుకుతున్నప్పుడు ఆమె ట్రంకుపెట్టె తెరిచింది దుర్గాంబ. చీరల అడుగున అచ్చుకాగితాల దొంతర ఉంది. మిరియాల ఘాటు, బెల్లం జిడ్డు. దాని పక్కన చిన్న గుడ్డముక్కలో మూట కట్టి, ఎర్రదారంతో గట్టిగా ముడేసి, విడిగా ఇంకొన్ని కాగితాలు. అన్నీ ఒకచోట పెట్టకుండా ఇవి మాత్రం ముడేసి దాచిందంటే అసలు గుట్టు ఇందులోనే ఉండాలి. దుర్గాంబకు చదువు రాదు. మూట కొంగులో దోపుకుని, భోజనానికి వచ్చిన మొగుడి ముందు విప్పింది.

పై కాగితం మీద, అచ్చు మొదలయ్యే చోట, ఎత్తైన గూటిలో దీపం వెలుగుతున్న చిన్న బొమ్మ ఉంది. వీరరాఘవయ్య అద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు.

"'అమావాస్య రాత్రి దీపం ఆరగానే వెనక గుమ్మం దగ్గరికి రా. నేను ఒక్కదాన్నే వస్తాను. పడవ సిద్ధంగా ఉంచు. ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. ముసలమ్మ కళ్ళు ఎప్పుడూ నా మీదే ఉంటాయి.'"

"ముసలమ్మ!" అంది దుర్గాంబ. "నేనే!"

"ఇది అచ్చు కాగితం కదే. ఏదో కథ పుస్తకంలోది."

"అచ్చుదైతే ఏమండీ? చేత్తో రాసి పంపితే దొరికిపోతాననే అచ్చులో నుంచి ఏరి పంపుతాంది."

"మార్కాపురంలో పడవెక్కడిదే?"

"అదే గుర్తు! పడవంటే బస్సు. మీకు మిరపకాయల రేటు పడిపోయినప్పుడు గుంటూరు నుంచి తంతి ఏమని వస్తాది? అబ్బాయికి జ్వరం తగ్గిందని రాలా? ఏ అబ్బాయికి వచ్చింది జ్వరం?"

వీరరాఘవయ్య అద్దాలు తీసేశాడు. వ్యాపారంలో ఆయన జన్మంతా అట్లాంటి టెలిగ్రాములతోనే గడిచింది. 'పెళ్ళి కుదిరింది' అని వస్తే ధర పెరిగిందని, 'తాతకు ఒంట్లో బాగలేదు' అని వస్తే సరుకు కదలనీయవద్దని. ఇతర ఇళ్ళలో ఎవరైనా ఈ కాగితం చూస్తే కథ అని పక్కన పడేసేవాళ్ళు. మాటకు వెనక ఇంకో మాట ఉంటుందని నమ్మే ఇంట్లో మాత్రం అది కథ కాలేదు. ఆయన అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

"పొదిలికి కబురు చేస్తా. కోడలి నాయన వచ్చి పిలుచుకొని పోతాడు. రచ్చ చేయొద్దు."

దుర్గాంబ ఆ ఒక్క పుటను సాక్ష్యంగా దాచింది. మూటలో మిగిలిన కాగితాలు పెరట్లో నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టింది. కొడుకు చెన్నకేశవరావుకు కోపమెక్కువ. వాడి కంట పడితే ఇల్లు నిలవదని ఆమె భయం. అక్షరం తెలియని ఆమెకు ఆ కాగితాలు వంకరలు తిరుగుతూ నల్లబడుతుంటే గుండె మీద బరువు దిగినట్టే అనిపించింది. ట్రంకుపెట్టె మూత ఎట్లా ఉందో అట్లాగే వేసి వచ్చింది.

రెండు రోజులకు పొదిలి బస్సు దిగి వెంకటసుబ్బయ్య వచ్చాడు. కూతురికి ఒంట్లో బాగలేదేమోనని ఆదరాబాదరా వచ్చిన మనిషి, గుమ్మంలో ఆమె నవ్వుతూ కాళ్ళకు నీళ్ళివ్వడం చూసి తెరిపిన పడ్డాడు. ఆ తెరిపి ఎంతోసేపు నిలవలేదు. వీరరాఘవయ్య దుకాణం తలుపులు దగ్గరికి వేయించి కొడుకును కూడా ఇంట్లోకి పిలిచాడు. ఆయన పట్టపగలు దుకాణం మూయడం ఎవరూ ఎరగరు.

"బావా, కూర్చో. నీ కూతుర్ని నీతో పిలుచుకొని పో. ఎందుకని మమ్మల్ని అడగొద్దు. ఆమెనే అడుగు."

"ఏమైంది బావా? పిల్ల ఏం తప్పు చేసింది?"

"అడుగమంటి కదా."

చెన్నకేశవరావు అమ్మ మొహమూ పెళ్ళాం మొహమూ మార్చి మార్చి చూశాడు. "ఏందమ్మా ఇది? ఎవరూ నాకు ఒక్క మాట చెప్పలా?"

"నీకు చెప్పేటిదైతే ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకొని ఎందుకు తిరుగుతాన్రా?" అంటూ దుర్గాంబ కొంగులోంచి ఆ పుట తీసి చాప మీద పరిచింది.

కనకమ్మ దాన్ని చూసింది. ఆమె మొహంలో రక్తం ఇంకిపోయింది. అందరూ గమనించారు. ఆమె ఏడవలేదు, కాళ్ళ మీద పడలేదు, ఇదేమిటని అడగలేదు. ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది:

"మిగతావి ఏవి అత్తా? ముడి విప్పినారా?"

"చూసినారా!" అంది దుర్గాంబ అందరి వైపూ తిరిగి. "ముడి విప్పినారా అంటాంది! చదవండి మీరు. వాళ్ళ నాయన కూడా వింటాడు."

వీరరాఘవయ్య పుట అందుకున్నాడు. "'అమావాస్య రాత్రి దీపం…'"

"చదవొద్దు మామా!" కనకమ్మ రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. కళ్ళు కూడా మూసుకుంది. "మీ కాళ్ళు పట్టుకుంటా, చదవొద్దు! నేనింకా అంతవరకు రాలేదు!"

వెంకటసుబ్బయ్య తల పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కూతురు తప్పు ఒప్పుకున్నట్టే ఉంది కదా. చెన్నకేశవరావు మాత్రం ముందుకు వచ్చి, భార్య చెవుల మీది చేతులు పట్టి కిందికి దించాడు. కోపిష్టి అనిపించుకున్న మనిషే, ఆ క్షణాన ఎందుకో నెమ్మదిగా అడిగాడు.

"ఎంతవరకు రాలేదు?"

"కథలో."

"ఏ కథ?"

అప్పుడు కట్ట తెగింది. కనకమ్మ ఏడుస్తూ చెప్పింది. పొట్లాలు కడుతుంటే ఒకరోజు ఒక పుట మీద సముద్రం కనిపించిందట. తను ఎన్నడూ చూడని సముద్రం. దాని ఒడ్డున దీపస్తంభం, అందులో కాపురముండే లీల అనే పధ్నాలుగేళ్ళ పిల్ల. చదువుతూ ఉండగానే పుట అయిపోయింది. తర్వాతి పుట ఎక్కడుందో తెలియదు. దొంతరంతా వెతికితే నడిమి పుటలు కొన్ని దొరికాయి. దాచుకుంటే అత్త చూస్తుంది, కాగితం లెక్క అడుగుతుంది. అందుకని ఆ పుటలతో కట్టిన పొట్లాలకు చెవి మడిచి శేషమ్మకే ఇచ్చేది. శేషమ్మ జీలకర్ర డబ్బాలో పోసుకుని, కాగితం చింపకుండా వచ్చే వారం తెచ్చిచ్చేది.

"ఊరికే తెస్తుందా?" అంది దుర్గాంబ వెంటనే.

"ఊరికే కాదు అత్తా. కథ చెప్పాలి. అంతవరకు చదివింది చెప్తేనే కాగితాలు ఇస్తుంది. వాళ్ళిండ్లల్లో అందరూ అడుగుతారంట, లీల ఏమైందని."

"చీకట్లో ఒక్కతే పోయేది?"

"లీలే. మెట్లెక్కి పైకి పోతుంది."

"మరి ఆ ముడి ఎందుకే? వేరుగా ముడేసి ఎందుకు దాచినావు?"

కనకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అవి చివరి పుటలు అత్తా. ముందే దొరికినాయి. నడిమివి అన్నీ దొరికినాక, వరసగా చదువుకుంటా వచ్చి, అప్పుడు విప్పుదామని. ముందే చూస్తానేమో అని నాకు నేనే గట్టిగా ముడేసుకున్నా. ఆ మూట పెట్టెలో ఉండాదని తలుచుకుంటే చాలు, ఎంత పనైనా చేయబుద్ధయ్యేది."

"పిల్లల పుస్తకం కోసమా ఇదంతా?" అన్నాడు చెన్నకేశవరావు. "నాకొక మాట చెప్పకూడదా? నేనే ఏరి పెట్టేవాణ్ణి కదా."

"నవ్వుతారని. పెళ్ళైన దానివి, పిల్లల కథలేందని అంటారని." ఆమె తల ఎత్తి తండ్రి వైపు చూసింది. "నాకు పధ్నాలుగేళ్ళప్పుడు పొదిలి బళ్ళో ఇట్లాంటి పుస్తకమే ఒకటి ఇచ్చినారు. గుర్తుండాదా నాయనా? సగంలో ఉన్నా. నువ్వొచ్చి, సంబంధం వాళ్ళు చూడను వస్తాండారు, లేచి చీర కట్టుకో అని నా చేతిలోది లాక్కున్నావు. దాని చివర ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంబంధం కుదరలేదు. ఆ పుస్తకం మాత్రం మళ్ళీ నా చేతికి రాలేదు, బడి మాన్పిస్తివి. ఈ లీలకు కూడా పధ్నాలుగేళ్ళే. ఇది చదివేంతసేపు నాకూ అంతే వయసు."

వెంకటసుబ్బయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆడపిల్లకు అన్నీ అమర్చి పంపానని ఇన్నాళ్ళూ ఊళ్ళో చెప్పుకున్న మనిషి. లాక్కున్న పుస్తకం రంగు కూడా ఆయనకు గుర్తు లేదు.

అయినా దుర్గాంబ దుర్గాంబే. అందరి కళ్ళూ తడిసినా ఆమె నడుం మీది చెయ్యి తీయలేదు. "కథే అయితే చెప్పు. మొదటి నుంచి చెప్పు. అతుకుతుందో లేదో నేను చూస్తా."

కనకమ్మ పెట్టెలోంచి దొంతర తెచ్చుకుని చెప్పడం మొదలుపెట్టింది. లీల నాయన దీపస్తంభం కాపలాదారు. ప్రతి అమావాస్యకూ దీపం తనంతట తనే ఆరిపోతుంది. దారి తెలియక పడవలు రాళ్ళకు కొట్టుకుంటాయి. నాయన మీద నింద పడుతుంది, ఉద్యోగం ఊడేలా ఉంది. దీపం ఆర్పేది ఎవరో పట్టుకోవాలని లీల పంతం పట్టింది. ఆ ఇంట్లో కాలు విరిగి మెట్లెక్కలేని చిన్నాన్న ఉన్నాడు. మాటకు ముందు నవ్వే వంటవాడున్నాడు. ఎవరితోనూ మాట్లాడకుండా అందరినీ కనిపెడుతూ తిరిగే ఒక ముసలమ్మ ఉంది.

పుటలు చదివే చోట కనకమ్మ చదివింది, లేని చోట ఊహించి కలిపింది. గాలివానలో లీల సముద్రం వైపు కిటికీ తెరిచే ఘట్టం చెప్పేటప్పుడు ఆమె చేతులు నిజంగానే కిటికీ తెరిచాయి. వీరరాఘవయ్య దుకాణం మాట మరిచిపోయాడు. బయట ఎవరో తలుపు కొట్టి వెళ్ళిపోయారు. చెన్నకేశవరావు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఆ వంటవాడు మంచోడు కాదు," అంది దుర్గాంబ మధ్యలో. "ఊరికే నవ్వేవాణ్ణి నమ్మకూడదు."

"కాదత్తా. వంటవాడు కిందటి అమావాస్యకు ఊర్లో లేడు. నాకు ముసలమ్మ మీదే అనుమానం."

"ముసలమ్మ ఏం చేసిందే నిన్ను?"

"అందర్నీ కనిపెడతా ఉంటుంది కదా. తలుపుల వెనక నిలబడుతుంది."

"నిలబడితే? ఇల్లు ఏమైపోతుందో అని భయమున్నది నిలబడుతుంది. అంతమాత్రాన దొంగదైపోతుందా?"

అనేసి దుర్గాంబ చప్పున నోరు మూసుకుంది. కనకమ్మ కళ్ళు దించుకుని తర్వాతి పుట తీసింది. ఎదురింటి నీడ వాకిట్లోకి వచ్చేసరికి ఆమె దగ్గరున్న పుటలన్నీ అయిపోయాయి. నడుమ ఇంకా కొన్ని దొరకవలసి ఉన్నాయి గానీ ఇక ఎవరికీ ఆగే ఓపిక లేదు. ఆమే మామ వైపు చూసి, "ఇప్పుడు చదవండి మామా," అంది.

వీరరాఘవయ్య అద్దాలు తుడుచుకుని ఆ సాక్ష్యం పుట మళ్ళీ అందుకున్నాడు. పడవ సిద్ధంగా ఉంచమన్న మాట లీల జాలరి కుర్రవాడికి చెప్పింది, దొంగ పారిపోకుండా సముద్రం వైపు కాపు కాయమని. ఆయన దాని కింది వరసలు చదివాడు. "'దీపం ఆరిపోయింది. చీకట్లో లీల మెట్లెక్కింది. పైగదిలో ఎవరో ఉన్నారు. ఆమె అగ్గిపుల్ల గీసింది. ఆ వెలుగులో కనబడిన మొహం…'"

పుట అయిపోయింది.

"ఎవరు?" అంది దుర్గాంబ ముందుకు వంగి. "ఎవరండీ? తిప్పండి!"

"అటు పక్క కూడా అయిపోయిందే. ఇంతే ఉండాది."

కనకమ్మ చెయ్యి చాపింది. ఆమె కళ్ళలో మళ్ళీ ఆ మెరుపు. "మిగతావి మీ దగ్గరే ఉండాయి కదత్తా. ఇటివ్వండి. నేనే చదువుతా."

దుర్గాంబ ఆ చాపిన చేతిని చూసింది.

"కాల్చినా తల్లీ," అంది. "నీళ్ళ పొయ్యిలో పెట్టినా. వాడి కంట పడతాయని… నీ కాపురం పోతుందని… కాల్చేసినా."

కనకమ్మ చెయ్యి అట్లాగే కాసేపు గాల్లో ఉండి, మెల్లగా ఒళ్ళోకి దిగింది. తిట్టి ఉంటే దుర్గాంబకు బాగుండేది. కోడలు లేచి, పుటలన్నీ వరసగా సర్ది, అత్త ముందే పెట్టి, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేసింది. దుర్గాంబ పెరట్లోకి పరుగెత్తింది. నీళ్ళ పొయ్యి ముందు కూలబడి కట్టెతో బూడిద కెలికింది. కాగితం బూడిదలో ఏముంటుంది? ముట్టుకుంటే పొడై పోయింది. అక్షరం రాని ఆమె, ఆ బూడిదలో అక్షరాల కోసం వెతుక్కుంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. గుమాస్తాను పట్టించిన నాటి నుంచీ తన అనుమానం ఇల్లు కాపాడిందనే అనుకుంది. ఒక పిల్ల దాచుకున్న సంతోషాన్ని అదే అనుమానం పొయ్యిలో పెడుతుందని ఆమెకు తట్టలేదు.

కాసేపటికి భుజం మీద చెయ్యి పడింది. కనకమ్మ.

"లేవండత్తా. చేతులు కాలతాయి."

"నన్ను తిట్టవే."

"ఏమని తిట్టేది? నేనూ దాచినా కదా. చెప్పుంటే ఇంత జరగదు."

వెంకటసుబ్బయ్య ఆ రాత్రికి ఉండి, మర్నాడు ఒక్కడే పొదిలి బస్సెక్కాడు. ఎక్కేముందు కూతురి చెయ్యి పట్టుకుని, "ఆ పుస్తకం పేరు గుర్తుంటే చెప్పమ్మా, ఎక్కడున్నా వెతుకుతా," అన్నాడు. ఆమె పేరు చెప్పింది. ఆయన దారి పొడుగునా ఆ పేరే మననం చేసుకుంటూ పోయాడు.

తర్వాతి రోజుల్లో దుర్గాంబ పాలచెంబు చూడడం మానేసింది. పిల్లి మూతిని కూడా పట్టించుకోలేదు. ఆమె అనుమానమంతా ఆ దీపస్తంభం మీదికి మళ్ళింది. పప్పు రుబ్బుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. శేషమ్మ వస్తే ఆమెను కూర్చోబెట్టి, "నీకెవరి మీద ఉంది?" అని అడిగేది. శేషమ్మ వాళ్ళ ఇళ్ళలో సగం మంది వంటవాడే అంటున్నారట, తక్కినవాళ్ళు ముసలమ్మ అంటున్నారట.

ఒక పొద్దున పొట్లాలు కడుతుండగా దుర్గాంబ చేతిలోని ఆవాలు జారవిడిచింది.

"చిన్నాన్న!"

"ఏంది అత్తా?"

"కాలు విరిగింది, మెట్లెక్కలేనంటాడే, వాడే! పైగదిలో లీలకు చుట్ట వాసన వచ్చిందని చదివినావు చూడు. ఆ ఇంట్లో చుట్ట తాగేది ఎవరు? ఆ వెధవ మంచంలో పడుకొని చుట్ట అడుగుతాడు కదా, మొదట్లో! నొప్పి ఉన్న కాలు మార్చి మార్చి చూపిస్తాండాడు, నేను కనిపెట్టినా. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ!"

కనకమ్మ పరుగున పోయి పుటలు తెచ్చింది. ఒక పుటలో కుడికాలికి కట్టు. ఇంకో పుటలో ఎడమకాలికి తైలం. అన్నిసార్లు చదివినా ఆమె గమనించలేదు. చెవితో ఒక్కసారి విన్న అత్త పట్టేసింది.

"అత్తా!" అని కనకమ్మ రెండు చేతులా ఆమె మెడ చుట్టేసుకుంది. "మీరే అత్తా! ముసలమ్మ కాదు. నేనే ఆమెను తప్పుగా అనుకున్నా."

"అందరూ అట్లనే అనుకుంటారు," అంది దుర్గాంబ, కళ్ళొత్తుకుంటూ. "ఆమె మొహమే అంత."

నెల తిరక్కుండా కర్నూలు నుంచి ఇంకో కాగితాల లోడు వచ్చింది. వీరరాఘవయ్య అరుగు మీద కూర్చుని మొదటి పుస్తకం కుట్టు తెంపబోయాడు. దుర్గాంబ వచ్చి ఆయన చేతిలోని కత్తి తీసేసుకుంది. కట్టలన్నీ విప్పించి, ఒక్కొక్క పుటా తిప్పి, గూటిలో దీపం ఉన్న ఆ చిన్న బొమ్మ కోసం చూసింది. దొరకలేదు. దొరకకపోయినా ఆమె లేవలేదు. అట్ట ఉన్న పుస్తకం ఒకటి ఏరి, పరికిణీ పిల్ల గుర్రం మీద పోతున్న బొమ్మ చూసి, దాన్ని మొగుడి ముందు పెట్టింది.

"దీంట్లో చివర ఉందా? అది చూసి చెప్పండి. ఏముందో మాత్రం చదవొద్దు."

ఆయన వెనక పుట తిప్పి చూసి తలూపాడు. దుర్గాంబ ఆ పుస్తకం కొంగుతో తుడిచి, వసారాలో జీలకర్ర చెరుగుతున్న కోడలి దగ్గరికి వెళ్ళి, చేట పక్కకు జరిపి ఒళ్ళో పెట్టింది.

"చివరంతా ఉంది. ఎవరూ చూడలా. నువ్వు చదువుకో, నాకు చెప్పు. తర్వాత చింపేది చూద్దాం."

కనకమ్మ మొదటి పుట తెరిచింది. దుర్గాంబ పక్కనే చతికిలబడి చెవి ఒగ్గింది. ఆ రోజు వీరరాఘవయ్య దుకాణంలో జీలకర్ర, మిరియాలు, ఆవాలు అన్నీ మోదుగాకుల్లోనే కట్టిచ్చారు.